పెద్దమ్మ శోకానికి బీటు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఈ కథలో మా పెద్దనాయన రెండుసార్లు చచ్చిపోతాడు. మొదటిసారి నా వల్ల, రెండోసారి గుండెపోటు వల్ల. మొదటిసారి చచ్చినప్పుడు ఆయన మధ్యలో లేచి బీడీ ముట్టించుకున్నాడు కాబట్టి అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. రెండోసారి కూడా జనం నవ్వారు. శవం ముందర, పట్టపగలు, పిల్లాజెల్లాతో సహా నవ్వారు. దానికి కారకుణ్ణి నేనే. ఇంతటి ఘనకార్యం చేసినవాడు కోలారు జిల్లాలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం.

నేను గాయకుణ్ణి. పేరు మంజునాథ. మీరు వినలేదంటే తప్పు మీది కాదు, మీరు శ్రీనివాసపురానికీ మారికుప్పానికీ మధ్య ఎక్కడా పెళ్లి భోజనం చేసి ఉండరు. ఆ మధ్యనున్న ఊళ్లన్నిటికీ నేను ‘టవలు మంజు’ని. స్టేజి మీద టవలు కప్పుకుంటానని కాదు, నా పాట వినడానికి వచ్చేవాళ్లు టవలు తెచ్చుకోవాలని. అమ్మ పాటలు, చెల్లెలి పాటలు, ప్రేమలో మోసపోయిన పాటలు. అన్నీ మెల్లగా, సాగదీసి పాడతాను. నేను ఒక్క ‘అమ్మా’ అని ఎత్తుకుంటే, అది పూర్తయ్యేలోపల ముందు వరుసలోని ముసలమ్మ ఏడ్చి, ముక్కు చీది, కొంగు దులుపుకుని, రెండో విడత ఏడుపుకు సిద్ధమయ్యేది. అప్పగింతల వేళ పెళ్లికూతురికి కన్నీళ్లు రాకపోతే నాకు కబురు వచ్చేది. వెళ్లి ఒక చరణం పాడితే చాలు, పెళ్లికొడుకు కూడా ఏడ్చేవాడు.

అట్లాంటి వైభవం మా కోలారు పక్క నరసాపురంలో కుప్పకూలింది. అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్లు వినాయకుణ్ణి పెట్టి నన్ను పాడటానికి పిలిచారు. షిఫ్టు దిగి, యూనిఫారం మీదే వచ్చి కూర్చున్నారు పాపం. మూడో పాటకు ముందు వరుసలో ఒకడు గురక మొదలుపెట్టాడు. ఆ గురక మైకులో పడింది. మా కీబోర్డు ఆయన అది కొత్త వాయిద్యం అనుకుని దానికి శ్రుతి కూడా సవరించాడు. ఐదో పాటకు మూడు వరుసలు పడిపోయాయి.

దిగివస్తుంటే నిర్వాహకుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, బాగా పాడినావు, లేదనను. అయితే వీళ్లు పొద్దన్నుంచి నిలబడి నట్లు బిగించి వచ్చినోళ్లు. నీ పాట ఇంటే కండ్లు మూసుకుపోతాండాయి. కొంచెం కొట్టేది ఏమన్నా ఉండాదా?”

“కొట్టేదా?”

“బీటన్నా, బీటు!”

ఆ నెలలోనే కంపెనీ బస్సు డ్రైవరు ఒకాయన నా పాటలున్న పెన్‌డ్రైవు తిరిగి ఇచ్చేశాడు. “నాకే నిద్దర వస్తాండాదప్పా. నలభై మంది ఉసురు నాకెందుకు?” అన్నాడు. అంటే నా పాట రోడ్డు ప్రమాదాల జాబితాలోకి చేరిందన్నమాట. ఆ ఏడాది దసరాకు నాకు ఒకే ఒక్క కార్యక్రమం దొరికింది. అది కూడా వాన వచ్చి ఆగిపోయింది. నాకు భయం పట్టుకుంది. పాడటం తప్ప నాకు వేరే పని రాదు.

కేజీఎఫ్‌లో నాకొక స్నేహితుడున్నాడు, స్టీఫెన్. వాళ్ల నాన్న గనిలోకి దిగి బంగారం తవ్వినవాడు. గని మూతపడ్డాక మిగిలిన కూలీల లైను ఇంట్లోనే స్టీఫెన్ గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. నా బాధంతా విని, కుర్చీలో గిర్రున తిరిగి, తన అరవం కలిసిన తెలుగులో తీర్పు చెప్పాడు.

“మచ్చా, నీ గొంతు మార్చొద్దు. దానికి జనం ఉండారు. దాని పక్కన కొత్త సౌండు ఒకటి పెట్టాల. ఎవురూ ఇనని గొంతు. మన్ను వాసన కొట్టాల. దాని కింద నేను బీటు పెడతా, సరియా?”

“అట్లాంటి గొంతు యాడ దొరుకుతాదప్పా?”

“ఏం డా, మీ ఊర్లో ముసలోళ్లు లేరా?”

ఉన్నారు. రాయల్పాడు దగ్గర మా ఊళ్లో మా పెద్దమ్మ నరసమ్మ ఉంది. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోతే, ఆమె పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన మనిషి. పిల్లలు లేరు కనుక నేనే పిల్లవాణ్ణి. ఇంక ఆమె శోకం సంగతి ఏం చెప్పను! మా వైపు చావు జరిగితే ఆడవాళ్లు పీనుగ చుట్టూ కూర్చుని, పోయినవాళ్ల మంచీ చెడూ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరింట చావు జరిగినా, “నరసమ్మ వచ్చిందా?” అని అడిగేవాళ్లు. ఆమె వచ్చేదాకా శవాన్ని ఎత్తేవాళ్లు కాదు. నాకు మాట సాగదీసే విద్య వచ్చింది ఆమె ఒళ్లో కూర్చుని విన్నందుకే.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. పెద్దమ్మ పెరట్లో ఆవుకు గడ్డి వేస్తోంది.

“పెద్దమ్మా, ఒక శోకం పెట్టు. రికార్డు చేసుకుంటాను.”

ఆమె చేతిలో గడ్డి కింద పడిపోయింది. “అయ్యో, ఎవురు సచ్చినార్రా?”

“ఎవరూ చావలేదు.”

“మరి ఎవురికి పెట్టేది?”

“ఊరికే పెట్టు. పాటలోకి.”

“ఊరికే పెట్టేదానికి అదేమన్నా ఉప్మా అనుకుంటివా? శోకమంటే దానికొక మనిషుండాల. ఆ మనిషి చేసింది ఉండాల, చెయ్యంది ఉండాల. సావు లేని ఇంట్లో శోకం పెడితే అచ్చిరాదు.”

“పోనీ, పోయినేడు రామక్క చనిపోతే పెట్టినావే, అదే మళ్లీ పెట్టు.”

“ఆయమ్మది ఆయమ్మతోనే పాయె. ఒగరిది ఇంగొకరికి పెట్టరాదు. మనిషికి ఒగటే శోకం.”

అంతలో వీధి అరుగు మీద నుంచి ఒక గొంతు వచ్చింది. మా పెద్దనాయన మునెప్ప. డెబ్బై దాటినా మామిడితోపుకు తానే కాపలా కాసే మనిషి. వేళాకోళం లేకుండా నోరు తెరిచింది నేను చూడలేదు.

“నాకు పెట్టే!”

“థూ, నీ నోట్లో మన్ను పడ!”

“కాదే, నేను పొయినాక నువ్వేం చెప్పి ఏడుస్తావో ఊరంతా ఇంటాది. నేనొక్కడే ఇనను. ఇదేం న్యాయం? ఇప్పుడే పెట్టు, ఇనిపోతా.”

పాఠకులారా, నాకు బుద్ధి ఉంటే అక్కడే ఇద్దరికీ దండం పెట్టి బస్సెక్కాలి. నేనేం చేశానంటే, గడ్డిమోపు మీద కూలబడి నా కష్టాలు ఏకరువు పెట్టాను. పిలిచేవాళ్లు లేరన్నాను. పాట మానేసి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగానికి పోతానన్నాను. చివర్లో ఒక మంచి ‘అమ్మా’ కూడా తగిలించాను. అప్పగింతల పెళ్లికొడుకులనే ఏడిపించినవాణ్ణి, పెంచిన తల్లిని ఏడిపించలేనా?

పెద్దమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. “సరే, ఏడవొద్దు. పెడతా. అయితే ఇది మీ పెద్దనాయనకని దాచుకున్నది రా. ఇంగ ఎవురికీ ఇనిపీకు.”

“పాటలో కలిసిపోతాది పెద్దమ్మా. ఎవరికీ తెలియదు,” అన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

పెద్దనాయన నట్టింట్లో చాప పరుచుకుని, తల దక్షిణానికి పెట్టి పడుకున్నాడు. ఏ పని చేసినా ఆయనకు పద్ధతి ముఖ్యం. కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి కట్టమని కూడా అడిగాడు. నేను ఫోను చాప పక్కన పెట్టాను. పెద్దమ్మ తలవైపు కూర్చుని గొంతు సవరించుకుంది.

“ఆవు ఈనిన దినం తాగొచ్చి దూడను తొక్కితివి సామీ...”

శవం లేచి కూర్చుంది. “ఏయ్, అది నేను కాదు, మీ యన్న!”

“పీనుగువి, నోరు మూసుకో.”

“పీనుగైతే మాత్రం లేనిపోనివి ఇనల్లా?” అని ఆయన బీడీ ముట్టించుకున్నాడు. రెండు దమ్ములు లాగి, ఆర్పి, చెవి మీద పెట్టుకుని మళ్లీ చచ్చిపోయాడు. నవ్వలేక నేను స్తంభానికి ఆనుకున్నాను. పెద్దమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు మాత్రం నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

“సంగటి సల్లారిపోతాండాది సామీ... యాడ కూసోనుండావు సామీ... ఎండన పడి పోతివే, సెప్పులన్నా తొడుక్కోకుంటివే... పిలిస్తే పలికే దూరం ఎప్పుడూ దాటనోడివి, యాడికి పోతివి సామీ...”

పెద్దనాయన ఈసారి అడ్డం రాలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ, కంటి కొస నుంచి నీళ్లు కారి చెవిలోకి పోతున్నాయి. పెద్దమ్మ ఆయన గుండె మీద చెయ్యి వేసి, నిజంగా పోయినట్టే ఏడుస్తోంది. నేను చూస్తున్నది వాళ్లను కాదు. ఫోనులో గీతలు బాగా లేస్తున్నాయా లేదా అని.

స్టీఫెన్ అదంతా రెండుసార్లు విన్నాడు. తర్వాత ఆ శోకాన్ని కోడిని కోసినట్టు కోశాడు. ‘సంగటి సల్లారిపోతాండాది’ ఒక ముక్క, ‘సామీ’ ఒక ముక్క. ఆ ‘సామీ’ని మళ్లీ మూడు ముక్కలు చేసి, ‘సా-సా-సామీ’ అని గెంతించాడు. దాని వెంటనే తమటె దెబ్బ వేశాడు. తమటె అంటే మా వైపు పలక డప్పు, చావుకూ జాతరకూ అదే. మధ్యలో నా గొంతును మరలోంచి తీసినట్టు మార్చి పెట్టాడు.

“మచ్చా, ఇది పోతాది చూడు,” అన్నాడు.

పోయింది. ఎట్లా పోయిందంటారా! నరసాపురం కంపెనీ బస్సుల్లో మోగింది. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో, ఒక పెట్టెలో మొదలై చివరి పెట్టె దాకా ఫోన్లలో మోగింది. పెళ్లి ఊరేగింపుల్లో ‘సంగటి’ పెట్టకపోతే పెళ్లికొడుకు గుర్రం దిగనన్నాడని చెప్పుకున్నారు. గుర్రమే కదలలేదని ఇంకొకరు చెప్పారు. నేను మా ఊరి తమటె వాళ్లను నలుగుర్ని తీసుకుపోయి స్టేజి ఎక్కించాను. ‘సా-సా-సామీ’ అనగానే వాళ్ల చేతులు వాటంతట అవే పడేవి.

అయితే పాత జనాన్ని వదులుకుంటే ఎట్లా? కార్యక్రమాన్ని సగానికి కోశాను. మొదటి సగం టవలు, రెండో సగం బీటు. మొదటి సగంలో కుర్రాళ్లందరూ టీ తాగడానికి పోయేవాళ్లు. రెండో సగం మొదలవగానే ముసలమ్మలు చెవుల్లో కొంగు దోపుకుని, “మా మంజుకు ఏమాయెనమ్మా, దయ్యం పట్టినాదా?” అనుకుంటూ లేచిపోయేవాళ్లు. ఎప్పుడు చూసినా నా ముందు సగం కుర్చీలు ఖాళీనే. నేను మాత్రం రెండు తరాలను ఏలుతున్నానని ఇంటర్వ్యూ ఇచ్చాను.

ఊళ్లో పెద్దనాయన దర్జా చూడాలి. మామిడి మండీలో ఎవరి ఫోను మోగినా, “అది నా సావు పాటే!” అని మీసం దువ్వేవాడట. ఆయనతో ఫొటోలు దిగారు. పక్క ఊరి బంధువు ఒకడు నిజంగానే పోయాడనుకుని పూలదండ తీసుకుని వస్తే, ఆ దండ తానే మెళ్లో వేసుకుని వాడికి కాఫీ పోయించాడు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఉగాదికి పోయినప్పుడు నా ముందు కూర్చుంది.

“ఆ గొంతు నాదేనా రా? ఎందుకట్ల ఎగురుతాండాది?”

“అది కొత్త సౌండు పెద్దమ్మా.”

“తీసేయ్ రా. ఎవురికీ ఇనిపీనంటివి. ఇప్పుడు కుక్కా నక్కా అంతా పాడతాండాయి. రేపు మీ పెద్దనాయనకు ఏమన్నా అయితే నేనేం పెట్టి ఏడిసేది?”

“పెద్దనాయనకా! గుండ్రాయి మాదిరి ఉండాడు. మనందరినీ సాగనంపి గానీ పోడు. జాతర్లు అయిపోనీ, తీసేస్తాను.”

“నాకిప్పుడు రెండోసారి సచ్చేదానికి తీరిక లేదు లేవే, మామిడికాయ దించాల,” అన్నాడు అరుగు మీది నుంచి పెద్దనాయన.

పెద్దమ్మ నవ్వకుండా లేచి లోపలికి పోయింది. నేను జాతర్లకు పోయాను. జాతర్లయ్యాక పెళ్లిళ్లు వచ్చాయి. పాట తీయలేదు.

వైశాఖం ఎండల్లో ఒక ఉదయం, పెద్దనాయన తోపులో కాయలు దించుతూ చెట్టు కింద కూర్చుని, మళ్లీ లేవలేదు. కూలివాళ్లు వేళాకోళం అనుకుని చాలాసేపు పిలవలేదట. ‘మునెప్పా, చాలు లే!’ అని ఒకడు నవ్వుతూ తట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఇది కూడా నా పుణ్యమే అనుకోండి.

నేను చేరేసరికి మధ్యాహ్నం. వాకిట్లో పందిరి వేశారు. పెద్దనాయన తల దక్షిణానికే ఉంది. నరసాపురంలో పనిచేసే మా ఊరి కుర్రాళ్లు షిఫ్టు మానుకుని వచ్చారు. తమటె వాళ్లు నలుగురూ గడ్డి మంట వేసి తమటెలు వెచ్చబెట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పెద్దమ్మ మొహం చూస్తున్నారు. పది ఊళ్ల పీనుగలను ఏడ్చి సాగనంపిన మనిషి, సొంత మొగుడికి ఏం పెడుతుందో అని.

పెద్దమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. వేరే మాటల కోసం వెతుక్కుంటోందని నాకు ఒక్కడికే తెలుసు. అవి దొరకలేదు. ఆయనకని ఉన్నవి ఆ పాత మాటలే. చివరికి ఆయన గుండె మీద చెయ్యి వేసి ఎత్తుకుంది.

“సంగటి సల్లారిపోతాండాది సామీ...”

ధడ్ ధడ్ ధన ధన ధడ్! తమటె వాళ్ల చేతులు పడ్డాయి. వాళ్ల తప్పు లేదు, నెలల తరబడి నేర్పిందే అది. కుర్రాళ్లలో ఒకడు ఈల వేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు పందిరి గుంజ పట్టుకుని ఎగరడం మొదలుపెట్టారు. ఎవరో ఒకావిడ ‘కిసుక్’మంది. దాన్ని ఆపుకోవాలని పక్కావిడ దగ్గింది. ఆ దగ్గు నవ్వైంది. అంతే, నవ్వకూడదనుకున్న కొద్దీ వరస మొత్తం భుజాలు ఎగరేస్తూ, కొంగుల్లో మొహాలు దాచుకుని నవ్వింది. తమటె కొట్టే వెంకటప్ప సిగ్గుతో తమటెను కడుపుకు హత్తుకుని కింద కూలబడ్డాడు.

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇప్పుడు చెబుతున్నాను. ఆ దెబ్బకు నా కాలు కూడా ఆడింది.

పెద్దమ్మ నవ్వేవాళ్లను చూడలేదు. ఆడుతున్న నా కాలిని చూసింది. పెద్దనాయన గుండె మీది చెయ్యి తీసేసి, ఒళ్లో పెట్టుకుంది.

“మంజూ, నువ్వు పెట్రా,” అంది మెల్లగా. “నావన్నీ నువ్వు తీస్కపోతివి కదా.”

నవ్వులు ఆగిపోయాయి. అందరూ నావైపు చూశారు. టవలు మంజు పాడబోతున్నాడు. నాకు అన్నం పెట్టి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపిన మనిషి ఎదురుగా పడుకుని ఉన్నాడు. నాకు ఏడుపు లేక కాదు, గొంతు దాకా ఉంది. “పెద్దనాయనా...” అని ఎత్తుకున్నాను. ఎత్తుకుని ఆగాను. ఎందుకాగానో మొదట నాకే అర్థం కాలేదు. లోపల ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ, బీటు పడేదాకా వేచి ఉన్నాను.

ఆ బీటు పడలేదు. నాకు రెండో మాట రాలేదు. ఇంక చాల్లెమ్మని పెద్దవాళ్లు పాడె ఎత్తారు. పది ఊళ్లకు శోకం పెట్టిన నరసమ్మ మొగుడు ఒక్క మాట శోకం లేకుండా, తమటె చప్పుడు లేకుండా, మా చెప్పుల చప్పుడుతో పోయాడు.

ఆ సాయంత్రమే పాట తీసేశాను. నేను తీసేసింది ఒకచోట. మిగతా ఫోన్లలోంచి ఎవరు తీస్తారు? పదకొండో రోజు సమారాధనకు వంట జరుగుతుంటే, పక్క వీధి పెళ్లి బండి అదే పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయింది. పెద్దమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. ఉల్లిపాయల వల్లనన్నా కళ్లలో నీళ్లు వస్తాయేమోనని చూశాను. రాలేదు.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. “పెద్దమ్మా, నన్ను తిట్టు. చెప్పు తీసుకుని కొట్టు. ఇట్ల సుమ్మనే నోరు మూసుకుని ఉండొద్దు. నోరారా తిట్టు.”

ఆమె కత్తిపీట పక్కకు జరిపి నన్ను చూసింది. కోపం లేదు. అలసట ఉంది.

“తిడితే దానికీ బీటు ఏసుకుంటావు,” అంది. “పో రా, పొయ్యి అన్నం తిను.”

కాబట్టి అశేష శ్రోతలకూ, ఆర్కెస్ట్రా పెట్టించే పెద్దలకూ, కోలారు జిల్లాలోని సమస్త ముసలమ్మలకూ ఇందుమూలంగా ప్రమాణం చేసి తెలియజేయడమేమనగా: ఇకమీదట బతికున్న మనిషిని చాప మీద పడుకోబెట్టను, పోయిన మనిషి దగ్గరికి ఫోను తీసుకుపోను, పెద్దమ్మ నోట్లోంచి వచ్చిన ఒక్క మాట కూడా పాటలో పెట్టను. ఈ చివరిది నిలబెట్టుకోవడం కష్టం కాదు. ఆనాటి నుంచి ఆమె నా ముందు నోరు విప్పడం లేదు.